ఒక్క డాలరు సంతకం

ఏటా సెప్టెంబరు 23 రాగానే టెన్నిస్ లోకం ఓ పాత ఫొటోను బయటికి తీస్తుంది. తలా ఒక డాలరు నోటు పట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్లు. ఊరు హ్యూస్టన్, సంవత్సరం 1970.

అంతకుముందు కథను పరుగున దాటేద్దాం. వింబుల్డన్‌లో మహిళల పోటీ 1884లో మొదలైంది. ఆడింది 13 మంది. ఫైనల్లో మాడ్ వాట్సన్ సొంత అక్కనే ఓడించింది. 1926లో సుజాన్ లెంగ్లెన్ డబ్బు తీసుకుని ఆడేసరికి పెద్ద టోర్నీలన్నీ ఆమెకు దూరమయ్యాయి. 1934లో మన లీలా రో వింబుల్డన్‌లో మ్యాచ్ గెలిచిన తొలి భారతీయురాలైంది.

1961లో బిల్లీ జీన్ మాఫిట్ 17 ఏళ్లకే వింబుల్డన్ డబుల్స్ గెలిచి, లాస్ ఏంజెలస్ స్టేట్ కాలేజీలో చేరింది. స్కాలర్‌షిప్ లేదు. చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ చదివింది. అదే కాలేజీ మగపిల్లల జట్టులో ఏడో ఆటగాడైన లారీ కింగ్‌కు మాత్రం స్కాలర్‌షిప్ ఉంది! ఇదేం న్యాయమని మొదట అడిగింది కూడా లారీయే. అలాంటివాణ్ణి ఆమె పెళ్లాడడంలో వింతేముంది?

1968లో పెద్ద టోర్నీలు ప్రొఫెషనల్స్‌కు గేట్లు తెరిచాయి. డబ్బు వచ్చింది, మగవాళ్లకు. 1970లో లాస్ ఏంజెలస్ టోర్నీలో పురుషుల విజేతకు 12,500 డాలర్లు, మహిళల విజేతకు 1,500. నిర్వాహకుడు జాక్ క్రేమర్ పట్టు సడలించలేదు. దాంతో ‘వరల్డ్ టెన్నిస్’ పత్రిక నడిపే గ్లాడిస్ హెల్డ్‌మన్ హ్యూస్టన్‌లో పోటీ టోర్నీ పెట్టింది. ఆడితే వేటు తప్పదని అమెరికా టెన్నిస్ సంఘం బెదిరించింది. గ్లాడిస్ తక్కువ తిన్నదా? తలా ఒక డాలరుకు క్రీడాకారిణులను తన పత్రిక ఆటగాళ్లుగా రాయించుకుంది. బిల్లీ జీన్, రోజీ కాసల్స్, నాన్సీ రిచీ, ఇద్దరు ఆస్ట్రేలియన్లు, మొత్తం తొమ్మిది మంది. మోచేతి గాయంతో ఉన్న గ్లాడిస్ కూతురు జూలీ కాస్త ఆలస్యంగా చేరింది. అందుకే ఫొటోలో కూతురి బదులు తల్లి కనిపిస్తుంది. టైటిల్ కాసల్స్‌ది. స్పాన్సర్ మాత్రం సిగరెట్ కంపెనీ! క్రీడాకారిణులకు పొగాకు సొమ్ము. అప్పట్లో ఇంకెవరూ మూట విప్పలేదు మరి. మరుసటి ఏడాదే బిల్లీ జీన్ సంపాదన లక్ష డాలర్లు దాటింది.

ఆ తర్వాత కథ తిన్నగా సాగదు. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం కాలేజీ క్రీడల్లో అమ్మాయిలకు దారి తెరిచింది. 1973లో యూఎస్ ఓపెన్ సమాన బహుమతి ఇచ్చింది. వింబుల్డన్‌కు 2007 దాకా చేతులు రాలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డానియెల్ కాలిన్స్ 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. మరోవైపు, గెలిచిన సొమ్మును కాలేజీ ఆటగాళ్లు వదులుకోవాల్సి వచ్చిన నిబంధనపై 2024లో అమెరికా కాలేజీ టెన్నిస్ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మైయర్ కోర్టుకెక్కింది. ఒకనాడు డబ్బు ఇవ్వలేదు, తర్వాత వచ్చినదాన్ని తీసుకోనివ్వలేదు! అదే ఏడాది మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) ఫైనల్స్ సౌదీ అరేబియాలోని రియాద్‌కు వెళ్లాయి. పొగాకు పోయి చమురు వచ్చింది.

మన సానియా మీర్జా అమెరికా కాలేజీ టెన్నిస్ దారి తొక్కకుండానే 2005లో సొంతూరు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. తెలంగాణ అమ్మాయి సహజ యమలపల్లి మాత్రం టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ జట్టుకు ఆడి ప్రొఫెషనల్ అయింది. చదువూ టెన్నిసూ రెండూ కావాలనుకునే మన పిల్లలకు ఆ సదుపాయం ఇక్కడి విశ్వవిద్యాలయాలే కల్పించాలి.