గాజు ఫ్లాస్కు నుంచి రియాక్టర్ దాకా

హైదరాబాద్‌లో శాస్త్రవేత్తలు కంపెనీలు పెట్టిన వైనం గురించి మాట వస్తే, కథ చాలాసార్లు 1999 నాటి జీనోమ్ వ్యాలీతోనో, 2015లో వచ్చిన టీ-హబ్‌తోనో మొదలవుతుంది. అక్కడ మొదలుపెడితే అసలు సంగతి చేజారిపోతుంది. ఈ ఊళ్లో పరిశోధన పరిశ్రమగా మారే దారి అంతకు అర్ధశతాబ్దం ముందే పడింది. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన కోసం నిజాం ప్రభుత్వం 1944లో ప్రయోగశాలలు నెలకొల్పింది. సయ్యద్ హుసేన్ జహీర్ వాటిని నడిపించారు. 1956లో ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ గొడుగు కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)గా పేరు మార్చుకుంది. పాతతరం వాళ్లకు మాత్రం అది ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్లే. బొగ్గు, నూనెలు, రసాయనాల మీద అక్కడ జరిగిన పనినీ, ఆ తర్వాత ఊరి చుట్టూ మొలిచిన మందుల కంపెనీలనూ కలిపి చూస్తే నాకు ఒకటే తోస్తుంది. పరిశోధకుడికి అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది ప్రయోగశాలకూ ఫ్యాక్టరీకీ నడుమ నిలబడి పనిచేసే చోటు, ఆ చోట చెయ్యి తిరిగిన మనుషులు. పేటెంటు కాగితమూ పెట్టుబడీ ఆ తర్వాతే.

ఆ నడిమి చోటు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే రసాయన చర్య తీరు చూడాలి. గాజు ఫ్లాస్కులో వంద మిల్లీలీటర్లతో చక్కగా కుదిరిన చర్య వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో అలాగే కుదరదు. పాత్ర పెద్దదయ్యే కొద్దీ లోపలి పదార్థం పెరిగినంతగా దాని గోడల వైశాల్యం పెరగదు. పుట్టిన వేడి బయటికి పోయే దారి ఇరుకైపోతుంది. కలియబెట్టడం చాలకపోతే ఒక మూల చర్య ముగిసేసరికి మరో మూల మొదలే కాదు, మలినాలు పేరుకుంటాయి. ల్యాబ్‌లో ఈథర్ వాడితే జాగ్రత్తపడితే సరిపోతుంది, టన్నుల లెక్కన వాడితే అగ్నిప్రమాదాన్ని పక్కన పెట్టుకున్నట్టే. ఈ చిక్కులు విప్పే పని పైలట్ ప్లాంట్‌లో జరుగుతుంది. దానితో ప్రొఫెసర్‌కు పెద్ద పరిశోధనా పత్రం రాదు, వ్యాపారికి ఆ ఏడాదే లాభమూ రాదు. ప్రభుత్వ ప్రయోగశాలల ఆవిష్కరణలను లైసెన్సుల మీద పరిశ్రమలకు ఇవ్వడానికి 1953లోనే నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పుట్టింది. మంచి ఏర్పాటే. కానీ ఏ ఘడియలో వేడి తగ్గించాలి, ఏ రంగు కనిపిస్తే ఆపాలి అన్న ఎరుక లైసెన్సు పత్రంతో పాటు చేతులు మారదు. మనిషితో పాటే అది కదులుతుంది.

మనుషులు కదిలే అవకాశాన్ని ఎక్కువగా ఇచ్చింది బాలానగర్‌లోని ఐడీపీఎల్. సోవియట్ సాయంతో 1961లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ప్లాంట్‌లో సింథటిక్ మందులు తయారుచేసింది. 1990ల తొలినాళ్లకు అది ఖాయిలా పడింది. దాన్ని నష్టాల లెక్కలోనే గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కెమిస్టులు, ఇంజినీర్లు పెద్ద రియాక్టర్ల ముందు నిలబడి పని నేర్చిన బడి అది. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఎన్‌సీఎల్‌లో డాక్టరేట్ చేసిన అంజిరెడ్డి అక్కడ కొన్నేళ్లు పనిచేసి బయటికి వచ్చారు, 1984లో డాక్టర్ రెడ్డీస్ ప్రారంభించారు. ఆ దారిలోనే ఎందరో మందుల మూలపదార్థాలు తయారుచేసే బల్క్ డ్రగ్స్ పరిశ్రమలోకి దిగారు.

ఇదంతా ఎవరో కనిపెట్టిన మందులకు నకలు తీయడమే కదా, కొత్త శాస్త్రం ఎక్కడుంది అని అడిగేవాళ్లున్నారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. 1972లో అమల్లోకి వచ్చిన 1970 పేటెంట్ల చట్టం మందు పదార్థానికి పేటెంటు ఇవ్వలేదు, తయారీ పద్ధతికే ఇచ్చింది. ఆ వెసులుబాటు లేకుంటే ఈ పరిశ్రమ ఇలా పెరిగేది కాదు. కానీ అదే చట్టం దేశమంతటికీ వర్తించింది, మందుల తయారీ మాత్రం ఇక్కడ ఇంతగా వేళ్లూనింది. మరో దారిలో, తక్కువ ఖర్చుతో అదే అణువును చేరుకోవడం కూడా శాస్త్రమే. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని ఏ.వి. రామారావు బృందం ఐఐసీటీలో రూపొందిస్తే, సిప్లా దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఆయన 1995లో పదవీ విరమణ చేశాక సొంతంగా అవ్రా లేబొరేటరీస్ స్థాపించారు.

పెట్టుబడి కన్నా చోటూ మనుషులే ముందన్న వాదానికి శాంతా బయోటెక్నిక్స్ కథలో ఇంకా గట్టి ఆధారం ఉంది. 1993లో దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, జీవశాస్త్రం ఆయన రంగం కాదు. అప్పట్లో హెపటైటిస్ బి టీకా దిగుమతి అయ్యేది, సామాన్య కుటుంబానికి అందని ధర. ఒమన్‌కు చెందిన యూసుఫ్ బిన్ అలావి పెట్టుబడి పెట్టారు. కానీ డబ్బుంటే టీకా పుట్టదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ పిమ్మట కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో కంపెనీ మనుషులకు బల్ల, పరికరాలు, చుట్టూ మాట్లాడే జీవశాస్త్రవేత్తలు దొరికారు. 1977లో ఆర్‌ఆర్‌ఎల్ నుంచే విడివడి, పి.ఎం. భార్గవ నేతృత్వంలో ఎదిగిన సంస్థ సీసీఎంబీ. ఈస్ట్ కణాల్లో టీకా ప్రొటీన్ తయారుచేయించి, 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదల చేశారు. జన్యు ఇంజినీరింగ్‌తో దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అదే. ధర దిగొచ్చింది.

ప్రజల సొమ్ముతో నడిచే ల్యాబ్‌లో ప్రైవేటు కంపెనీకి చోటెందుకన్నది మరో అభ్యంతరం. టీకా చౌకగా దొరికినప్పుడు ప్రజలకు తిరిగొచ్చిందేమిటో కనిపిస్తుంది. ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ మాత్రం లేదు, కాబట్టి ధర మీదా యాజమాన్యం మీదా షరతులు ముందే రాసుకోవడం న్యాయం. మరో మూల్యం గురించీ మాట్లాడాలి. దిగుబడి పెంచడం నేర్పిన ఈ సంప్రదాయం వ్యర్థాలను లెక్కలోకి తీసుకోలేదు. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ నక్కవాగు నీళ్లు, పొలాలు పాడై అక్కడి రైతులు ఆ భారం మోశారు. పైలట్ ప్లాంట్ దశలోనే వ్యర్థాల లెక్క కూడా తేల్చాలని పట్టుబట్టి ఉంటే ఆ నష్టంలో కొంతైనా తప్పేది.

2005లో మందు పదార్థానికే పేటెంటు వచ్చాక ఈ దారి మూసుకుపోయిందా? రోటావైరస్ టీకా రోటావాక్‌ను చూస్తే కాదనిపిస్తుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల్లో 116ఈ అనే రోటావైరస్ రకాన్ని గుర్తించింది. దాన్ని టీకాగా మలిచింది హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్. ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, విదేశీ సంస్థలు వెంట నిలిచాయి. ఢిల్లీ, పుణే, వెల్లూరుల్లో దాదాపు 6,800 మంది శిశువుల మీద పరీక్ష జరిగింది. 2015లో టీకా విడుదలైంది, మరుసటి ఏడు ప్రభుత్వ టీకా కార్యక్రమంలో మొదట అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆలోచనకూ శిశువు నోట్లో పడ్డ చుక్కకూ మధ్య సుమారు ముప్పై ఏళ్లు. ఇవాళ బయోటెక్ స్టార్టప్‌లకు ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే తొలి గ్రాంటు రూ. 50 లక్షల దాకా, గడువు 18 నెలలు. ఆలోచన నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. ఆ తర్వాత వచ్చే పొడవాటి నడిమి భాగానికి పైలట్ ప్లాంటును, దాన్ని నడిపే అనుభవజ్ఞులను, వాళ్లకు క్రమంగా అందే జీతాన్ని ఎవరు భరిస్తారన్నది ఈ గ్రాంటు పరిధిలో లేని ప్రశ్న. ఆర్‌ఆర్‌ఎల్, ఐడీపీఎల్ కాలంలో ఆ భారాన్ని ప్రభుత్వమే మోసింది.