కొరొల్యోవ్ బ్రతికి ఉంటే?

"ఇలా జరిగి ఉంటే" అని అల్లిన కథలో చారిత్రక దోషాలు వెదకడం ఏమి న్యాయమని ఒక మిత్రుడు నన్నడిగాడు. అటువంటి కథకుడికి ఒక్క అబద్ధం ఆడే హక్కు ఉంది. ఆ తరువాతిదంతా నిజానికి లోబడి నడవాలి. నా మాట ఇంతే.

ఈ చర్చకు కారణం 2019లో మొదలైన 'ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్' అనే అమెరికన్ ధారావాహిక. అందులో 1969 జూన్ నెలలో, ఆర్మ్‌స్ట్రాంగ్ కన్నా ముందే, సోవియట్ వ్యోమగామి లియొనోవ్ చంద్రునిపై అడుగు పెడతాడు. సోవియట్ రాకెట్ల ప్రధాన రూపకర్త సెర్గెయ్ కొరొల్యోవ్ నిజానికి 1966 జనవరి 14న శస్త్రచికిత్స సమయంలో మరణించాడు. ఈ కథలో మాత్రం ఆయన బ్రతికాడట. చరిత్ర మలుపు తిరిగినది అక్కడేనని సృష్టికర్తలలో ఒకరైన రొనాల్డ్ మూర్ చెప్పాడు.

అబద్ధం అందమైనదే. కానీ అది మోయవలసిన బరువు చాలా ఎక్కువ.

కెనెడీ చంద్రయాత్రను ప్రకటించినది 1961 మే నెలలో. సోవియట్ ప్రభుత్వం మనిషిని చంద్రునిపై దింపాలని అధికారికంగా నిర్ణయించినది 1964 ఆగస్టులో. అప్పటికే మూడేళ్ళు గడిచిపోయాయి. ఇంధనం విషయంలో కొరొల్యోవ్‌కూ, ఇంజన్ల నిర్మాణంలో ఘనాపాఠి అయిన గ్లుష్కోకూ పొసగలేదు. అందువల్ల విమానాల ఇంజన్లు చేసే కుజ్నెత్సోవ్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. ఎన్-1 రాకెట్టు మొదటి దశకు ఏకంగా 30 ఇంజన్లు! వాటన్నిటినీ కలిపి నేలమీద మండించి చూసే పరీక్షను డబ్బూ కాలమూ చాలక వదులుకున్నారు. ఈ బీజాలన్నీ కొరొల్యోవ్ బ్రతికి ఉండగా పడినవే.

ఫలితం తెలిసినదే. 1969 ఫిబ్రవరి 21న జరిగిన తొలి ప్రయోగం విఫలమయింది. అపోలో-11 బయలుదేరడానికి 13 రోజుల ముందు, జులై 3న, రెండవ రాకెట్టు ప్రయోగవేదిక మీదే కూలి దానిని ధ్వంసం చేసింది. 1971, 1972 ప్రయోగాలదీ అదే గతి. శస్త్రచికిత్స సఫలమైనంత మాత్రాన ఇవన్నీ సర్దుకుంటాయా?

మరొకటి. కథలో 1971లోనే షాకిల్టన్ బిలంలో మంచుగడ్డ దొరుకుతుంది. జపాను నౌక కగుయా ఆ బిలం అడుగును చిత్రించినప్పుడు పైకి కనబడే మంచు ఏదీ లేదు. ఐతే ధ్రువాల చీకటి బిలాలలో మంచు జాడలున్నాయని మన శ్రీహరికోట నుండి వెళ్ళిన చంద్రయాన్-1 సేకరించిన సమాచారమే తరువాత తేల్చింది. కనుక దీనిని క్షమించవచ్చు.

మొదటిదాన్ని క్షమించలేకపోవడానికి కారణముంది. బ్రతికినన్నాళ్ళూ కొరొల్యోవ్ పేరును ఆయన దేశమే లోకానికి తెలియకుండా దాచింది. ఇప్పుడీ కథ వేలమంది శ్రమనూ, ఒక వ్యవస్థ లోపాలనూ దాచి, ఆయన పేరొక్కటే మిగిల్చింది. రెండూ అన్యాయాలే.