తోలుబొమ్మ నుండి కంప్యూటరు తెర వరకు

కంప్యూటరుపై కదలుబొమ్మలతో పాఠము చెప్పు అధ్యాపకుడు మొదట గుండె బొమ్మను చూపును. పిదప దానిని క్రమక్రమముగా పలుచబరచి, లోపలి గదులను కనబడజేయును. పైబొమ్మ చెరిగిపోలేదు, తన వెనుకనున్న దానికి కొంత చోటిచ్చినది, అంతే. ఇది యంత్రయుగపు ఉపాయమని తోచును గాని, దీని మూలసూత్రమును రాయలసీమ బొమ్మలాటగాండ్రు ఏనాడో ఎరుగుదురు.

తిరుపతికి వాయవ్యముగా, ధర్మవరము సమీపమున నిమ్మలకుంట అను గ్రామము కలదు. అది తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఈ కళ ప్రాచీనమైనది. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లోనే బొమ్మలాటల ప్రస్తావన ఉన్నది.

చెప్పులకై తంగేడుచెక్కతో పదును చేసిన తోలు కాంతిని అడ్డగించును. బొమ్మల తోలును అట్లు పదును చేయరు. మేకతోలుపై వెండ్రుకలు, కండ తొలగించి, పలుచగా గీకి ఆరబెట్టుదురు. అప్పుడు లోని పోగులు దగ్గరగా అంటుకొని, తోలు అర్ధపారదర్శకమగును. దానికి రెండు వైపుల రంగులు వేయుదురు. నగల చోట రంధ్రములు పొడువగా దీపకాంతి నేరుగా వచ్చి, అవి మెరయును.

తెరకు ఆనించిన బొమ్మ స్ఫుటముగా కనబడును. వెనుకకు లాగినచో? దీపము ఒక బిందువు కాదు గనుక దాని కాంతి బొమ్మ అంచులను దాటి వచ్చును; ఛాయ పెరిగి, మసకబారి, కరిగిపోవును. ఆటగాని చేయియే ఇచట పారదర్శకతను సవరించు సాధనము.

కంప్యూటరులో చేతికి బదులు ఒక సంఖ్య పనిచేయును. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము విలువలతోపాటు 'ఆల్ఫా' అను నాలుగవ విలువను చేర్చు పద్ధతిని 1977 ప్రాంతమున అమెరికాలో ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ రూపొందించిరి. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ బొమ్మలను కలుపుటకు గణిత నియమములను ప్రకటించిరి.

లెక్క సులభము. పైబొమ్మ వెలుగు 200, వెనుకదాని వెలుగు 100 అనుకొందము. పైదానికి 40 శాతము పారదర్శకత నిచ్చినచో, 200లో 60 శాతము 120. 100లో 40 శాతము 40. వెరసి 160 తెరపై కనబడును. ఈ శాతమును కొద్దికొద్దిగా మార్చుచు పోయినచో బొమ్మ మెల్లగా మాయమగును.

అయితే ఒక భేదమున్నది. రెండు తోలుబొమ్మలు ఒకదానిపై ఒకటి పడినచో, ప్రతి తోలు కొంత కాంతిని మ్రింగును గనుక ఆ చోటు మరింత చీకటియగును. కంప్యూటరు మ్రింగదు, వాటాలు వేసి పంచును.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినది. కాని ఆటలు తగ్గి, ఆ తోలు నేడు ఎక్కువగా దీపపు గొడుగులగుచున్నది. గొడుగు ఇంటిలో కదలక నిలుచును. బొమ్మను తెరకు ఎంత దూరము జరుపవలెనో తెలిసిన చేతికి పని తగ్గుచున్నది. సంఖ్యను యంత్రము దాచిపెట్టును. చేతి నేర్పును దాచుటకు మరియొక చేయి కావలెను.