నిర్దేశక పదాలు (తెలంగాణ మాండలికం)

వస్తువును, వ్యక్తిని, చోటును లేదా కాలాన్ని వేలెత్తి చూపినట్లుగా తెలిపే మాటలను నిర్దేశక పదాలు అంటారు. తెలుగులో వీటికి మూలం ఆ, ఈ అనే మాటలు. 'ఆ' దూరాన్ని, 'ఈ' దగ్గరను సూచిస్తాయి. ప్రశ్నార్థకమైన 'ఏ'ను కూడా కలిపి ఈ మూడింటినీ వ్యాకరణంలో త్రికములు అంటారు.

తెలంగాణ రూపాలు

తెలంగాణ మాండలికంలో నిర్దేశక పదాల మొదట తరచుగా గకారం చేరుతుంది.

* అది, ఇది - గది, గిది
* ఆడ, ఈడ (అక్కడ, ఇక్కడ) - గాడ, గీడ
* అట్ల, ఇట్ల - గట్ల, గిట్ల
* అప్పుడు, ఇప్పుడు - గప్పుడు, గిప్పుడు
* అంత, ఇంత - గంత, గింత

ఉదాహరణకు "గిది గాడ పెట్టు" అంటే "దీన్ని అక్కడ పెట్టు" అని అర్థం. ఏది, ఏడ, ఎట్ల, ఎప్పుడు, ఎంత అనే ప్రశ్నార్థకాలకు మాత్రం గకారం చేరదు. కనుక ఇది ఉచ్చారణ దోషం కాదు. చూపే మాటలను అడిగే మాటల నుండి వేరుచేసే ఒక నియమం. గకారం లేని రూపాలు కూడా ఇదే మాండలికంలో వాడుకలో ఉన్నాయి. మాటకు ఊనిక ఇవ్వదలచినప్పుడు గకార రూపాలు ఎక్కువగా వినిపిస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

హైదరాబాదు తూర్పు భాగంలోని ఈ ప్రాంతాలు విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద ఉన్నాయి. నల్గొండ వైపు నుండి, కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారు ఇక్కడ ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణా కేంద్రాలకు వివిధ జిల్లాల విద్యార్థులు వస్తారు. అందువలన గట్ల, అట్ల, అట్లా, అలా అనే నాలుగు రూపాలూ ఒకే వీధిలో వినవచ్చు.

ఇతర భాషలలో

ఇటువంటి భేదాలు ఇతర భాషల మాండలికాలలోనూ ఉన్నాయి. ప్రామాణిక ఆంగ్లంలో "దోజ్ బుక్స్" (ఆ పుస్తకాలు) అనేదాన్ని అనేక మాండలికాలలో "దెమ్ బుక్స్" అంటారు. "దిస్ హియర్" అని, జర్మన్‌లో "డేర్ డా" అని నిర్దేశక పదం తరువాత చోటును తెలిపే మాట చేర్చి ఊనిక ఇస్తారు. తెలంగాణలో ఆ ఊనిక పదం మొదటనే చేరుతుంది. ప్రామాణిక జర్మన్‌లోని "డాస్" (అది) బెర్లిన్ వాడుకలో "డెట్" అవుతుంది.

గుర్తింపు

ఆధునిక ప్రామాణిక తెలుగు ప్రధానంగా కోస్తా జిల్లాల శిష్ట వ్యవహారం ఆధారంగా ఏర్పడింది. అందువలన గకార రూపాలు పాఠ్యపుస్తకాలలోకి రాలేదు. సినిమాలలో కూడా చాలాకాలం హాస్యపాత్రలు, ప్రతినాయకుల సంభాషణలలోనే ఎక్కువగా వినిపించాయి. ఇంట్లో "గిట్ల" అనే పిల్లవాడు బడిలో దానిని తప్పుగా భావించవలసి వచ్చింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.