పొద్దున్నే మూడు సెకన్ల చప్పుడు: పికప్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక చప్పుడు గురించి. పొద్దున్నే బండి సెల్ఫ్ కొట్టగానే ముందు నుంచి గలగలమని రెండు మూడు సెకన్లు వినిపిస్తుంది. తర్వాత ఆగిపోతుంది. ఆగిపోయింది కదా అని మనం గేరు వేసి వెళ్లిపోతాం. అక్కడే మోసపోతాం.

మా బావ ఇలాగే మోసపోయాడు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా లోడ్లు తోలడానికి సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను, అది ముఖ్యం కాదు. చూడటానికి మధ్యాహ్నం వెళ్లాం, నేనూ పక్కనే ఉన్నా. సెల్ఫ్ కొడితే ఇంజన్ వెన్నలా స్టార్ట్ అయింది. డబ్బులిచ్చి తెచ్చుకున్నాం. మర్నాటి నుంచి ప్రతి పొద్దునా ఆ గలగల. "పాత బండి కదరా, ఆ మాత్రం ఉంటుందిలే" అన్నాడు బావ. మూడు వారాల తర్వాత లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ ఆగిపోయింది. చైన్ పళ్లు తప్పింది, వాల్వులు వంగిపోయాయి. హెడ్డు విప్పిన మెకానిక్ అన్న అడిగిన మొదటి మాట ఇది: "కొనేటప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూసినావా?" చూడలేదు. మేము వెళ్లేసరికే అమ్మేవాడు బండిని వేడి చేసి పెట్టాడని అప్పుడు అర్థమైంది.

ఆ సీజన్ అంతా బావ వేరేవాళ్ల బండి బాడుగకు తీసుకుని తోలాడు. నేను మాత్రం ఆ మూడు సెకన్ల వెనక ఏముందో వెతకడం మొదలుపెట్టా. వెతికితే నూట నలభై ఏళ్ల పైబడిన కథ బయటపడింది.

ముందు ఈ చైన్ చేసే పని ఏంటో చూద్దాం. ఇంజన్ కింద క్రాంక్ తిరుగుతుంది, దానికి పిస్టన్లు తగిలించి ఉంటాయి. పైన క్యామ్ తిరుగుతూ వాల్వులను తెరుస్తుంది, మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేదే టైమింగ్ చైన్. చాలా ఇంజన్లలో లెక్క బాగా తప్పితే పిస్టన్ పైకి వచ్చే టైముకి వాల్వు ఇంకా తెరుచుకునే ఉంటుంది. రెండూ గుద్దుకుంటాయి. బావ బండిలో జరిగింది అదే.

ఈ చైన్ తాత ఎవరంటే మన సైకిల్ చైనే. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్, రోలర్ ఉన్న చైన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు చైన్లలో సన్నటి పిన్ను చుట్టూ ఉన్న పలక అంచు మీదే బరువంతా పడి త్వరగా అరిగిపోయేది. రెనాల్డ్ పిన్ను చుట్టూ గొట్టంలా ఒక బుష్ పెట్టాడు. ఒరిపిడి పడే చోటు వెడల్పయింది, చైన్ ఆయుష్షు పెరిగింది. 1885లో చప్పుడు తక్కువ చేసే ఇంకో రకం చైన్ కూడా తెచ్చాడు, దాన్ని సైలెంట్ చైన్ అంటారు. కార్లు వచ్చాక ఈ రెండు రకాలూ ఇంజన్లలోకి వెళ్లాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం. మెకానిక్‌లు "చైన్ సాగింది" అంటారు కదా, నిజానికి ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి జాయింట్ దగ్గరా పిన్ను, బుష్ కొంచెం కొంచెం అరుగుతాయి. వంద లింకుల చైన్ అనుకోండి. ఒక్కో జాయింట్‌లో మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగితే చాలు, మొత్తం చైన్ 2 మిల్లీమీటర్లు పొడవైపోతుంది. మా తాత సైకిల్ చైన్ వేలాడుతూ గార్డుకు తగిలి కటకటలాడటం నాకు గుర్తుంది. అదే కటకట ఇంజన్ లోపల కూడా.

ఈ కటకట కార్ల కంపెనీలకు నచ్చలేదు. కొనేవాడికి నిశ్శబ్దం కావాలి. అందుకే 1960లలో అమెరికాలో చాలా వీ8 ఇంజన్లకు క్యామ్ చక్రం అల్యూమినియంతో చేసి, పళ్లకు నైలాన్ తొడుగు వేశారు. చైన్ ఇనుము మీద కాకుండా ప్లాస్టిక్ మీద నడుస్తుంది కాబట్టి చప్పుడు తగ్గింది. కొత్తలో బాగానే ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి నైలాన్ గట్టిపడి, పెళుసెక్కి, పళ్లు ఊడి కింద ఆయిల్ చాంబర్‌లో పడేవి. ఆయిల్ పంపు పీల్చే జాలీకి ఆ ముక్కలు అడ్డం పడితే ఇంజన్‌కు ఆయిల్ అందేది కాదు.

అప్పటి మెకానిక్‌లు దీన్ని కంప్యూటర్ లేకుండా చేత్తోనే పట్టేవాళ్లు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసేవాళ్లు. క్రాంక్ బోల్టుకు పానా వేసి ఒకవైపు కొంచెం తిప్పి ఆపేవాళ్లు. తర్వాత మెల్లగా వెనక్కి తిప్పుతూ డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ ఎప్పుడు కదులుతుందో చూసేవాళ్లు. చైన్ బిగువుగా ఉంటే పానాతో పాటే రోటర్ కదులుతుంది. లూజుగా ఉంటే క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగాక గానీ రోటర్‌లో చలనం ఉండదు. ఆ మధ్యలో తిరిగిన ఖాళీయే చైన్ లూజు. ఒక్క పానా, రెండు కళ్లు. నాకు ఈ టెస్ట్ భలే నచ్చింది.

చప్పుడు పోగొట్టడానికి కొందరు అసలు చైన్‌నే వదిలేశారు. 1962లో జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ తన కారు ఇంజన్‌కు పళ్లున్న రబ్బరు బెల్టు పెట్టింది. అది వేరే కథ. మన పికప్ దగ్గరికి వద్దాం.

గల్ఫ్ వెళ్లొచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లను అడగండి, టయోటా హైలక్స్ పేరు తెలియనివాళ్లు ఉండరు. మన దేశంలో అమ్మకానికి 2022లో గానీ రాలేదు కానీ, బయట 1968 నుంచే ఉంది. దాని పాత ఇంజన్లలో 2.4 లీటర్ల 22ఆర్ కుటుంబం చాలా ఫేమస్. 1981లో వచ్చి 1995 దాకా పికప్‌లలో నడిచింది. మొండి ఇంజన్ అని పేరు. ఆ మొండి ఇంజన్‌కూ ఒక బలహీనత ఉంది.

మొదట్లో దానికి రెండు వరసల చైన్ ఉండేది, గైడ్లకు ఇనుప దన్ను ఉండేది. 1980ల మొదట్లోనే అది ఒక్క వరస చైన్‌గా మారింది, గైడ్లు ప్లాస్టిక్‌వి అయ్యాయి. గైడ్ అంటే చైన్ అటూ ఇటూ కొట్టుకోకుండా పట్టి ఉంచే పట్టీ. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు ప్రెషర్ వచ్చేదాకా రెండు మూడు సెకన్లు టెన్షనర్‌లో బలం ఉండదు. చైన్ కొత్తదైతే ఫరవాలేదు. అరిగి పొడవైపోయిన చైన్ అయితే ఆ రెండు మూడు సెకన్లూ గైడ్‌ను కొడుతూనే ఉంటుంది. మనకు వినిపించే గలగల ఇదే. ప్రెషర్ రాగానే చప్పుడు పోతుంది, అరుగుదల మాత్రం పోదు.

రోజూ ఇలా కొట్టగా కొట్టగా ప్లాస్టిక్ గైడ్ విరుగుతుంది. అడ్డం లేని చైన్ ఇంజన్ ముందున్న అల్యూమినియం కవర్‌ను రంపంలా కోయడం మొదలుపెడుతుంది. ఆ కవర్ వెనకే కూలెంట్ వెళ్లే దారి. అక్కడ చిల్లు పడితే కూలెంట్ నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే ఈ ఇంజన్ తెలిసిన మెకానిక్ ఒకదాని తర్వాత ఒకటి వరసగా చూస్తాడు. చల్లటి ఇంజన్‌లో గలగల ఉందా? నేల మీద చుక్క కూడా పడకుండా కూలెంట్ తగ్గుతోందా? డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందా? పైన వాల్వు కవర్ విప్పి టార్చ్ వేస్తే గైడ్ రెండువైపులా కనిపిస్తోందా, ఒకవైపు మాయమైందా? చాంబర్ దింపితే ప్లాస్టిక్ ముక్కలున్నాయా?

తర్వాత బయటి పార్టుల కంపెనీలు ఇనుప దన్ను ఉన్న గైడ్లు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఎక్కడ మొదలైందో మళ్లీ అక్కడికే వచ్చింది చూశారా!

ఇంకో ఇరవై ఏళ్లు ముందుకొద్దాం. 2004 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో 5.4 లీటర్ల వీ8 ఇంజన్ వచ్చింది. ఒక్కో సిలిండర్‌కు మూడు వాల్వులు. ఇది 2010 దాకా ఆ బండిలో ఉంది. ఇందులో రెండువైపులకు రెండు చైన్లు, రెండు టెన్షనర్లు. వాటికి తోడు క్యామ్ ముందు ఫేజర్ అనే భాగం ఉంటుంది. బండి నడుస్తుండగానే వాల్వు టైమింగ్‌ను కొంచెం ముందుకీ వెనక్కీ జరుపుతుంది. అదీ ఆయిల్ ప్రెషర్‌తోనే. అంటే పాత ఇంజన్‌లో చైన్‌ను బిగువుగా ఉంచిన ఆయిల్, ఇక్కడ టైమింగ్‌ను కూడా మోస్తోంది. టెన్షనర్ వెనక సీలు దెబ్బతిని ఆయిల్ కారిపోతే రెండు పనులూ పాడవుతాయి.

ఈ ఇంజన్‌లో చప్పుడు రెండు రకాలు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే గలగలమంటే అనుమానం చైన్, టెన్షనర్, గైడ్ల మీద. బాగా వేడెక్కి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డీజిల్ బండిలా టకటకమంటే అనుమానం ఫేజర్ మీద, ఆయిల్ ప్రెషర్ మీద. డాష్‌బోర్డ్‌లో ముల్లును నమ్మకుండా ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు వేరే గేజి బిగించి ప్రెషర్ చూడాలి.

ఇప్పుడు స్కానర్ ఉంది కదా, పెడితే చెప్పేస్తుంది కదా అంటారా? పెడితే పీ0016 లాంటి కోడ్ రావచ్చు. దాని అర్థం క్రాంక్, క్యామ్ సెన్సర్ల లెక్క కుదరడం లేదని మాత్రమే. ఎందుకు కుదరడం లేదో అది చెప్పదు. చైన్ అరిగి ఉండొచ్చు, ఫేజర్ పోయి ఉండొచ్చు, మురికి ఆయిల్ కావచ్చు, సెన్సరే చెడిపోయి ఉండొచ్చు. కోడ్ చూసి సెన్సర్ మార్చేసి, మళ్లీ లైటు వెలిగాక తల పట్టుకునేది ఇందుకే. పానాతో రోటర్‌ను చూసిన ఆ పాత మెకానిక్ చేసిన పని ఇప్పటికీ చేయాల్సిందే: విన్నది, చూసింది, కొలిచింది మూడూ కలిపి ఆలోచించాలి.

ఈ కథ మొత్తంలో నాకు అర్థమైంది ఒకటే. చప్పుడు తగ్గించడానికో, ఖర్చు, బరువు తగ్గించడానికో చేసిన మార్పులతో ఇనుము మోసిన భారం ప్లాస్టిక్ మీదికి, చివరికి ఆయిల్ మీదికి వచ్చింది. ఇనుము చాలాకాలం అరుస్తూ అరిగేది. ఇప్పుడు ఇంజన్ మనకు చెప్పేది పొద్దున్నే రెండు మూడు సెకన్లు మాత్రమే. ఆ టైములో మనం పాటలు పెట్టుకుంటాం.

కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్తే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, "అన్నా, రేపు పొద్దున్నే వస్తా, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు" అని మర్యాదగా చెప్పి వచ్చేయండి. మర్నాడు అద్దం దించి, ఫోన్ పక్కన పెట్టి సెల్ఫ్ కొట్టి వినండి. మీ సొంత బండి అయితే, చైన్‌కు లైఫ్‌లాంగ్ గ్యారంటీ అనే మాట విని ఆయిల్ మార్చడం వాయిదా వేయకండి. ఆ చైన్ లైఫ్ ఆయిల్ చేతిలోనే ఉంది. గలగల మొదలైతే చైన్‌తో పాటు గైడ్లు, టెన్షనర్ కూడా చూపించండి. అప్పుడైతే ముందు కవర్ విప్పితే సరిపోతుంది. ఆలస్యం చేస్తే హెడ్డు విప్పాలి.

బావ ఈ మధ్యే ఇంకో బండి చూశాడు. పొద్దున 6 గంటలకు నాకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టి సెల్ఫ్ కొట్టాడు. ఇద్దరం విన్నాం. గలగల వినిపించింది. "వద్దులే బావా" అన్నా. ఆ బండి వదిలేసి వచ్చాడు. ఇంకా వెతుకుతున్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా రేపు పొద్దున మీ బండి ఏమంటుందో ఒకసారి వినండి.