సారా నిషేధం ఫెయిలా? ముందు లెక్క ఎవరిదో అడుగుదాం

ఒక ప్రభుత్వ పథకం పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి? ఇవాళ మన నెల్లూరు జిల్లా దూబగుంట కథతో చూద్దాం.

1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు అమ్మించింది. ఖజానా లెక్కలో అది హిట్. కానీ ఆ డబ్బు ఎక్కువగా వచ్చింది కూలోళ్ల జేబుల్లోంచే.

1990ల మొదట్లో నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. టార్గెట్ ఏంటి? చదవడం, రాయడం నేర్పడం. అయితే రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ బతుకుల గురించీ మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు! ఎంతమంది సంతకం నేర్చుకున్నారని మాత్రమే లెక్కపెడితే, ఈ ఫలితం కనిపించనే కనిపించదు.

ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. తెచ్చింది ఎవరు? అదే ఎన్టీఆర్.

1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆదాయం పడిపోయింది, దొంగచాటు మద్యం ఆగలేదు అన్నారు. రెండూ నిజమే, నేను కాదనను. కానీ కూలి డబ్బులు ఇంటికి ఎంత చేరాయి? ఎన్ని ఇళ్లలో దెబ్బలు తగ్గాయి? వీటికి ఖజానా పుస్తకంలో కాలమే లేదు. అందుకే సగం లెక్క చూసి తీర్పు ఇచ్చారంటాను నేను.

ఈసారి ఏదైనా పథకం సూపర్ హిట్ అనో, అట్టర్ ఫ్లాప్ అనో రీల్ కనిపిస్తే, షేర్ కొట్టే ముందు ఒక్కటే అడగండి: ఈ లెక్క ఎవరి వైపు నుంచి?