ఉత్తరాంధ్ర అపరాధ కథ – పర్యావరణం

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు రచనల్లో నేరాన్నీ, దాని వెనకున్న నేల, నీరు, పట్నం మార్పుల్నీ కలిపి చూపే ధోరణి ఇది. 1950 నాటికి ఈ ప్రాంతమంతా ఒకే విశాఖ జిల్లా. శ్రీకాకుళం ఆ ఏడాది ఆగస్టు 15న, విజయనగరం 1979 జూన్ 1న వేరు జిల్లాలయ్యాయి. ఈ ధోరణిలో డిటెక్టివ్ నవల వాటా తక్కువ, బరువంతా కథే మోసింది.

విజయనగరంలో దీనికి పూర్వరూపం గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ (రెండో కూర్పు 1909). మారువేషంలో ఉన్న పెళ్లికూతురు మాయమవుతుంది, ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు మీద ఖూనీ నేరం పడుతుంది. జరగని హత్య చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, దొంగసాక్షులు తిరిగే తీరు అపరాధ కథకు ఏమాత్రం తీసిపోదు. తర్వాతి నాలుగు దశాబ్దాల్లో బెంగాలీ అపరాధ నవలల అనువాదాలు, అనుసరణలు తెలుగు పాఠకుల్ని అలరించాయి.

1950ల నుంచి మద్రాసు కేంద్రంగా డిటెక్టివ్ నవల విరగకాసింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి పేర్లయ్యారు. విశాఖలో పుట్టి విజయనగరంలో చదువుకున్న ఆరుద్ర కూడా ‘పలకల వెండి గ్లాసు’ వంటి అపరాధ పరిశోధన నవలలు రాశాడు.

ఉత్తరాంధ్రలో నేరం గురించి రాసిన వాళ్లలో అగ్రగణ్యుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922 జులై 30న శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ కోర్టుల్లో వకీలుగా పనిచేశాడు. 1933లో ఓడరేవు, 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చి జాలరి పల్లెల తీరం కార్మిక నగరమవుతున్న కాలమది. 1960ల ఆరంభంలో రాసిన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం కింద పెరిగిన దొంగవ్యాపారాన్నీ, దానిలో ఇరుక్కున్న పేదల్నీ, వారి మీద బతికే పోలీసుల్నీ వారి మాండలికంలోనే నిలబెట్టాయి. ఆ సంభాషణలకు సాటి లేదు.

అదే దశాబ్దంలో మురపాకకు చెందిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1966) రాశాడు. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ జరుగుతుంది. అతని కొడుకు సీతారాముడు కన్నబిడ్డను చంపి ఆ పంచాయితీ ముందుకే తెస్తాడు. హంతకుడు అందరి కళ్లెదుటే ఉన్నాడు. ఊరికి వచ్చిన అభివృద్ధి ఎవరి చేతిలోని భూమిని ఎవరి చేతికి మార్చిందన్నదే విచారణ. విశాఖలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు రాసిన ‘జీవధార’ పేదవాడ జనం తాగునీటి కోసం కలవారి లోగిలికి వెళ్లడాన్ని చెబుతుంది. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఈ కథలు వచ్చిన కాలంలోనే అమెరికాలో రాస్ మెక్‌డొనాల్డ్ ‘స్లీపింగ్ బ్యూటీ’ (1973)లో కాలిఫోర్నియా తీరాన సముద్రం మీద తేలిన చమురును హత్యారహస్యంతో ముడిపెట్టాడు. ఆయన మార్గం డిటెక్టివ్‌ది, మనవాళ్లది కథకుడిది.

1980ల తర్వాత అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు పల్లె విధ్వంసాన్ని కథలకెక్కించారు.

కొత్త శతాబ్దం వస్తువును మరింత పదునెక్కించింది. బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన సోంపేట జనం మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి అదే రోజు రద్దయింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కొబ్బరి, జీడితోటల ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్ని పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి అసలు కారణం ఇంకా తేలలేదు. నీటిని, నేలను, ఎండలో చేసే చాకిరీని పరిశోధకులు అనుమానితులుగా ఎంచుతున్నారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. పరిశోధన నవలకు ఇంతకు మించిన వస్తువు తెలుగు నేల మీద లేదు.

రామారావు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయంలో ఈ ప్రాంతపు కథలు పాఠకులకు అందుబాటులో ఉన్నాయి.